మిరపకాయల సంచిలో ఇంగ్లీషు అక్షరాలు

నిన్న మధ్యాహ్నం నా కుడికన్ను భగ్గుమంది. వంటింట్లో తాలింపు వెయ్యలేదు, పక్కింట్లో ఎవరూ కారం పట్టించలేదు. మా హాల్లో కిటికీ పక్కన చిన్నబల్ల మీద తువాలు కప్పి ఉంచిన ఒక బోర్డు ఉంది. గోడలకు రంగులు వేయిస్తున్నాం కాబట్టి దాన్ని జరపాల్సి వచ్చింది. జరుపుతుంటే ఒక చెక్క బిళ్ళ జారి బల్ల కింద పడింది. నేను కళ్ళు మూసుకుని, నేలంతా తడిమి, దాన్ని తీసి ఉన్నచోటే పెట్టాను. పెట్టి, తువాలు సర్ది, ఆ తర్వాత ఆదమరిచి కన్ను నలుపుకున్నాను. అంతే, నీళ్ళు ధారగా కారాయి. ఆ మంటతోపాటు కోల్డ్ స్టోరేజీ వాసన కూడా వచ్చింది. చల్లటి మిరపకాయ వాసన. ఎండలో ఆరబోసిన మిరప వాసన వేరు, అది గొంతులో గుచ్చుకుంటుంది. చలిలో నెలల తరబడి నిద్రపోయిన కాయది మెత్తటి వాసన, ముక్కులోకి నెమ్మదిగా వచ్చి అక్కడే కూర్చుంటుంది.

"ఇన్నేళ్లయినా ఆ చెక్కముక్కల ఘాటు పోలేదా?" అంది మా ఆవిడ, పాలలో ముంచిన గుడ్డ తెచ్చి ఇస్తూ. "శుభ్రంగా సబ్బునీళ్ళతో కడిగితే ఏం పోయింది?"

"కడగొద్దన్నారు."

"అన్న మనిషి ఏరీ ఇప్పుడు? ఆ బల్ల ఖాళీ చేస్తే మిక్సీ పెట్టుకుంటానని ఎప్పటినుంచో చెబుతున్నాను."

ఆ మాట నేను గుర్తు పెట్టుకున్నాను. నా గురించి పాఠకులకు ముందే చెప్పాలి. నేను మరిచిపోయే మనిషిని కాను. మా మేనత్త కూతురి పెళ్ళి బంతిలో నా విస్తట్లో గారె వెయ్యకుండా పక్క విస్తరికి వెళ్ళిపోయిన వడ్డనవాడి ముఖం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. కరెంటు ఆఫీసులో, బస్సు డిపోలో, మా వీధి పంపు దగ్గర నా పేరు చెబితే నిట్టూర్చేవాళ్ళు ఉన్నారు. అర్జీ పెట్టడం నాకు అన్నం తినడం లాంటిది. ఇలాంటి మనిషిని కూర్చోబెట్టి ఫిర్యాదు చెయ్యడమెలాగో నేర్పిన వ్యక్తి ఒకరున్నారు. ఆయన పేరు పురుషోత్తం గారు. ఆయన మీద కూడా నాకు ఫిర్యాదులున్నాయి. వాటిలో ఒకటి ఇప్పటికీ తీరలేదు.

గుంటూరు ఊరి బయట చిలకలూరిపేట రోడ్డులో ఒక కోల్డ్ స్టోరేజీలో నేను గుమాస్తాగా చేరినప్పుడు ఆయన మేనేజరు. సన్నగా, పొడుగ్గా, పొట్టిచేతుల తెల్లచొక్కాలో ఉండేవారు. చుట్టూ అందరూ అరిచి మాట్లాడుకునే చోట ఆయన గొంతు పెంచకుండా మాట్లాడేవారు. అందుకని ఆయన నోరు తెరిస్తే ముఠా కూలీలు కూడా టిక్కీలు కిందపెట్టి వినేవాళ్ళు. మిరపకాయల బస్తాని మా దగ్గర టిక్కీ అంటారు. మాఘమాసం దాటాక టిక్కీలు లారీల్లో వచ్చిపడేవి. ఎండలు ముదిరేసరికి చాంబర్లనే చలిగదులన్నీ నిండిపోయేవి. ఆ తర్వాత ధర కోసం రైతులూ వ్యాపారులూ కాచుక్కూర్చునే కాలం. ఆఫీసులో మాకు పని తక్కువ.

నా కుర్చీ సరిగ్గా చాంబరు తలుపుకి ఎదురుగా ఉండేది. తలుపు తీసినప్పుడల్లా చలిగాలి, దానితో మిరప ఘాటు నా ముఖం మీదికి వచ్చేవి. తుమ్మలేక చచ్చేవాణ్ణి. కుర్చీ మార్చమని అర్జీ పెట్టాను. టీ ముందుగా మిర్చి యార్డు నుంచి వచ్చిన కమీషన్ ఏజెంట్లకిచ్చి తర్వాత నాకిస్తున్నారని ఇంకోటి పెట్టాను. ఆయన ప్రతి అర్జీ చదివి, మూలన పొడి సంతకం చేసి, పక్కన పెట్టేవారు. ఒకరోజు భోజనాలయ్యాక నన్ను పిలిచారు.

"ఏమయ్యా కోటేశ్వరరావూ, కుర్చీ మీద ఇది ఎన్నో అర్జీ?"

"లెక్క పెట్టలేదండీ."

"నేనూ పెట్టలేదు. కూర్చో. ఇంగ్లీషు వచ్చా?"

"డిగ్రీ దాకా తెలుగు మీడియమండీ. చదివితే అర్థమవుతుంది. మాట్లాడమంటే నోరు పెగలదు."

"నోటితో పని లేదు ఇందులో," అని ఆయన బల్ల మీద గళ్ళ బోర్డు పరిచారు. పక్కన ఒక గుడ్డసంచి పెట్టారు. మిరపకాయ శాంపిల్ తీసుకెళ్ళే చిన్న సంచి అది. అక్షరాల బిళ్ళలకు మొదట్లో అట్టపెట్టె ఉండేదట, ఎలుకలు కొట్టేస్తే ఆఫీసులో దొరికిన ఈ సంచిలో పోశారట. చెయ్యి లోపల పెట్టి చూడకుండా ఏడు బిళ్ళలు తియ్యాలి, వాటితో ఇంగ్లీషు మాటలు కట్టాలి. "నువ్వు గెలిచిన రోజు నీ కుర్చీ మారుస్తాను," అన్నారు.

ఆయన మొదటి ఎత్తులోనే ఎక్స్, ఐ అని రెండు బిళ్ళలు పెట్టారు. అది మాట కాదన్నాను, రోమన్ అంకెల్లో పదకొండన్నాను. "ఛాలెంజా?" అని అడిగారు. అవునన్నాను. సొరుగులోంచి లావుపాటి డిక్షనరీ తీసి నా ముందుకు జరిపారు. గ్రీకు అక్షరం పేరట, ఉంది. మాట ఉంటే ఛాలెంజ్ చేసినవాడికి ఒక టర్న్ పోతుందన్నది ఆట నియమం. నేను వదల్లేదు. ఆయన పెట్టిన ప్రతి వింతమాటనీ ఛాలెంజ్ చేశాను. ఆ మధ్యాహ్నం నేను ఆడినదానికంటే డిక్షనరీ తిప్పిందే ఎక్కువ. ప్రతిసారీ మాట ఉంది.

ఆట అయ్యాక బిళ్ళలు సంచిలో పోస్తూ ఆయన అన్నారు: "నీకు అనుమానం రావడం మంచిదేనయ్యా. ఊరికే తలూపే మనిషితో ఆడటం నాకూ ఇష్టం లేదు. కానీ ప్రతి అనుమానానికీ ఒక టర్న్ పోతుంది. పోయినా ఫర్వాలేదు అనుకున్నప్పుడు చెయ్యెత్తు."

నాకు ఆ మాట నచ్చలేదు. నా అర్జీల గురించి ఎత్తిపొడిచారనుకున్నాను. మర్నాడు డిక్షనరీ ఇంటికి తీసుకెళ్తానని అడిగాను, గెలిచి తీరాలని. ఏ నుంచి చదవడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకు ఆయన చూసి నవ్వారు.

"ఎక్కడిదాకా వచ్చావ్?"

"బి లో ఉన్నానండీ."

"మీ నాన్న కల్లంలో మిరపకాయలు ఎలా ఏరిస్తాడు? ఒక్కో కాయనీ పట్టుకుని దాని పుట్టుపూర్వోత్తరాలు అడుగుతాడా?"

"కూలీలు కూర్చుని ఏరతారండీ. తాలుకాయ ఒక పక్క, మచ్చకాయ ఒక పక్క, మంచికాయ ఒక పక్క."

"అదీ. కుప్పలు పొయ్యి. ఒకేరకం అక్షరాలున్న మాటలన్నీ ఒక కుప్ప."

అలా ఆయన దగ్గర మాటల్ని ఏరడం నేర్చుకున్నాను. జడ్ ఉన్న రెండక్షరాల మాటలు ఒక కుప్ప. అచ్చు అక్షరం ఒక్కటి కూడా లేని మాటలు ఇంకో కుప్ప. అందులో బి, ఆర్, ఆర్ అనే మాట చలికి వణికే చప్పుడు. "చాంబర్లో పావుగంట నిలబడితే నీకే వస్తుంది, చదవక్కర్లేదు," అనేవారు. వీటన్నిటిలో ఆయనకు ముద్దొచ్చే కుప్ప ఒకటుంది. ఇంగ్లీషులో క్యూ వచ్చిందంటే దాని వెనకాల యూ రావాలి, తొడిమలాగా. కొన్ని మాటల్లో రాదు. వాటిని ఆయన తొడిమ తీసిన కాయలు అనేవారు. మా వ్యాపారంలో తొడిమ తీసిన కాయకి ధర ఎక్కువ. చేతిలో క్యూ ఉండి యూ లేనివాడు ఆ కుప్ప తెలియకపోతే చివరిదాకా దాన్ని మోస్తూ ఏడవాలి. తెలిస్తే అదే వాడి బలం.

ఆ కుప్పలో ఉన్న మాటలు చూసి నేను ఆశ్చర్యపోయాను. తలాక్, నికాబ్, కవ్వాలీ, ఫకీర్. ఇంగ్లీషు రాదని నన్ను చిన్నచూపు చూసినవాళ్ళెవరూ ఈ మాటలు వాళ్ళ డిక్షనరీలో ఉన్నాయని నాకు చెప్పలేదు. శుక్రవారం శుక్రవారం మా ఆఫీసుకి ఒక ముసలి ఫకీరు నెమలీకల కట్టతో వచ్చి సాంబ్రాణి పొగ వేసి వెళ్ళేవాడు. అతను గేటు దగ్గర కనపడగానే పురుషోత్తం గారు తలెత్తకుండానే, "అదిగో, నీ క్యూ వస్తున్నాడు. టీ చెప్పు," అనేవారు. సాంబ్రాణి పొగకి మిరప ఘాటు కొంచెం తగ్గేది. అందుకే నాకు ఆ మాట మిగతావాటికంటే గట్టిగా పట్టుబడింది.

ఆ సంచి గురించి ఒకటి చెప్పాలి. ఏళ్ళ తరబడి శాంపిల్ కాయలు మోసిన సంచి కావడంతో గుడ్డలోని కారం చెక్కబిళ్ళలకు పట్టేసింది. మాకు అది తెలిసేది కాదు. మిరపతో బతికేవాళ్ళెవరూ వేళ్ళతో కన్ను ముట్టుకోరు. చెమట పట్టినా, నలక పడినా మోచేతితోనో భుజంతోనో తుడుచుకుంటారు. చిన్నప్పటినుంచీ అలవాటు. అది అలవాటని కూడా మాకు గుర్తుండదు.

చివరికి ఒకరోజు నేను గెలిచాను. ఎండలు మండిపోతున్న వైశాఖం అది. పురుషోత్తం గారు లేచి, నా కుర్చీని తనే ఎత్తి, చాంబరుకి దూరంగా పడమటి గోడ పక్కన వేశారు. గంట తిరగకుండానే నాకు విషయం అర్థమైంది. ఆఫీసు మొత్తానికి చల్లగాలి తగిలేది ఆ పాతచోటే. పడమటి గోడ మాత్రం సాయంత్రం దాకా కాలుతూ ఉంటుంది.

"ఎలా ఉందయ్యా కొత్తచోటు?"

"బాగుందండీ."

"వెనక్కి వేయించమంటావా?"

"అవసరం లేదండీ."

ఆ వేసవంతా చొక్కా పిండుకుంటూ అక్కడే కూర్చున్నాను. గెలిచి తెచ్చుకున్న కుర్చీ అది. ఆయన అప్పుడప్పుడూ ఒక చల్లటి మజ్జిగ గ్లాసు నా బల్ల మీద పెట్టించేవారు.

ఒంగోలులో ఒక క్లబ్బువాళ్ళు ఏటా ఈ ఆటకి పోటీ పెట్టేవాళ్ళు. ఆయన నా పేరు ఇచ్చారు. ఆయన పాత అంబాసిడర్‌లో మార్టూరు గ్రానైటు క్వారీల రాతిపొడి మింగుకుంటూ వెళ్ళాం. ఆయన కారు దిగి ఎవరితోనో మాట్లాడుతుంటే నేను బోర్డూ సంచీ పట్టుకుని హాల్లోకి అడుగుపెట్టాను. గుమ్మంలో ఒక కాలేజీ లెక్చరర్ నిలబడి ఉన్నాడు. పేరు సత్యమూర్తి. వరసగా అక్కడ కప్పు గెలుస్తున్న మనిషి. నన్ను పైనుంచి కిందికి చూసి, "డ్రైవర్లు బయట వెయిట్ చెయ్యాలి బాబూ. సామాను అక్కడ పెట్టి వెళ్ళు," అన్నాడు. నేను ఈ రచనలో పెద్దమనుషులందరికీ 'అన్నారు' అని రాస్తున్నాను. ఆయనకు 'అన్నాడు' అని ఎందుకు రాశానో పాఠకులకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఆ క్షణం నుంచి నాకు కప్పు మీద ఆశ లేదు. ఆ మనిషిని ఆ హాల్లోనే, ఆ నలుగురి ముందే ఓడించాలి, అంతే. ఒక్కో ఆటా గెలుచుకుంటూ ఫైనల్ దాకా వచ్చాను. ఎదురుగా సత్యమూర్తే. క్లబ్బు సెట్టులో కొన్ని బిళ్ళలు తక్కువయ్యాయని ప్రెసిడెంటు గారు అంటే పురుషోత్తం గారు మా సంచి ఇచ్చారు. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు, మాతో సహా.

ఆట హోరాహోరీగా సాగింది. చివరికి సంచి ఖాళీ అయింది. సత్యమూర్తి ఎత్తు అయ్యాక నాది. బిళ్ళలు నిలబెట్టుకునే నా చెక్క మీద నాలుగు మిగిలాయి: ఎఫ్, ఏ, క్యూ, ఆర్. బోర్డు చివర, మార్కులు మూడింతలయ్యే ఎర్రగడి వరసలో, ఒక ఐ ఒంటరిగా ఉంది. నాకు సాంబ్రాణి వాసన వచ్చినట్టయింది. ఫకీర్. అది పెడితే ఆట నాదే. సత్యమూర్తి తన ఎత్తు కోసం ఆలోచిస్తూ కళ్ళద్దాలు తీశాడు. ఆలోచించేటప్పుడు కళ్ళు నలుపుకోవడం ఆయన అలవాటట. రెండు చేతులతో బాగా నలిపాడు.

తర్వాత జరిగింది చెప్పక్కర్లేదు. ఆయన కుర్చీ వెనక్కి పడింది. ఎలాగో ఒక మాట పెట్టి, "నా కళ్ళు," అని ముఖం పట్టుకున్నాడు. ఎవరో సంచి వాసన చూసి తుమ్మారు. వెనకనుంచి ఒకతను అన్నాడు: "గుంటూరోళ్ళు ఊరికే వస్తారా. కళ్ళల్లో కారం కొట్టి కప్పు తీసుకెళ్దామని వచ్చారు." కొందరు నవ్వారు, కొందరు నవ్వలేదు. నేను మాత్రం బిళ్ళ చేతిలోకి తీసుకున్నాను. టర్న్ నాది.

పురుషోత్తం గారు వచ్చి బోర్డు మీద అరచెయ్యి పెట్టారు. "ఆట ఆపండి. మేం ఓడిపోయాం. కాసిని పాలు తెప్పించండి," అన్నారు. తన జేబురుమాలు పాలలో ముంచి సత్యమూర్తి కళ్ళ మీద తనే వేశారు. నేను క్యూ చేత్తో పట్టుకుని నిలబడ్డాను. నిలబడే ఉన్నాను.

తిరుగు ప్రయాణంలో అద్దంకి అడ్డరోడ్డు దాటాం. ఆ తర్వాత నేనే అడిగాను.

"నేను తప్పు చేశానా సార్?"

"లేదు."

"సంచి మీరే ఇచ్చారు."

"అవును, నేనే ఇచ్చాను."

"మరి మేం ఓడిపోయాం అని ఎలా అన్నారండీ? ఆడింది నేను. ఓడిపోతే నేను ఓడిపోవాలి. ఆగి, ఆయన కళ్ళు కడుక్కున్నాక ఆడొచ్చుగా."

"కళ్ళు కనపడని మనిషి మీద ఎత్తు వేస్తావా?"

"కనపడేదాకా ఆగుతానంటున్నానండీ."

ఆయన కారు అద్దం దించి బయటికి చూశారు. అదే నాకు ఇంకా మండింది. మర్నాడు ఆయన బల్ల మీద అర్జీ పెట్టాను. విషయం: నా ఆటను నా అనుమతి లేకుండా ఓడిపోయినట్లు ప్రకటించుట గురించి. ఆయన చదివి, మూలన పొడి సంతకం చేసి, పక్కన పెట్టారు.

ఆ తర్వాత ఏడాదిపాటు మా ఆఫీసులో ఆట లేదు. బీరువా మీద ఏదో తువాలు కప్పి ఉండేది. బోర్డు అక్కడ దాచేశారని, నాతో ఆడటం ఇష్టం లేకనే దాచారని అనుకున్నాను. ఆ అవమానాన్ని కూడా పాతదాని పక్కన పెట్టుకున్నాను. శుక్రవారం ఫకీరు వచ్చినప్పుడు ఆయన టీ చెప్పమనేవారు, క్యూ గురించి మాట్లాడేవారు కాదు. మిగతా పనంతా మామూలే. టిక్కీలు వచ్చాయి, చాంబర్లు నిండాయి, నేను పడమటి గోడ పక్కన ఇంకో వేసవి ఉడికాను.

మళ్ళీ పోటీ రోజులు వచ్చాయి. "రేపు పొద్దున్నే ఒంగోలు వెళ్తున్నాం," అన్నారు. నేను రానన్నాను. "ఆడటానికి కాదులే, రా," అన్నారు. కారు దగ్గరికి వెళ్ళేసరికి ఆయన వెనకసీట్లో కూర్చుని, ఒళ్ళో తువాలు కప్పిన పళ్ళెంలాంటిది పెట్టుకుని ఉన్నారు. రెండు చేతులతో అంచులు పట్టుకున్నారు. చీమకుట్టినా కదిలేలా లేరు.

"ఏంటి సార్ అది?"

"గుంతలు చూసి తోలమను డ్రైవర్ని."

చిలకలూరిపేటలో, మార్టూరులో ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఆయన దాన్ని గాల్లోకి కొంచెం లేపి పట్టుకునేవారు. టిఫిన్‌కి ఆగినప్పుడు కూడా దిగలేదు. ఇడ్లీ పొట్లం నేనే తెచ్చి ఇచ్చాను. "ఒక చేత్తో ఎలా తినను, నువ్వే విప్పిపెట్టు," అన్నారు.

ఒంగోలు హాల్లో ప్రెసిడెంటు గారు పోటీ ప్రారంభిస్తున్నామని మైకులో చెబుతుండగా పురుషోత్తం గారు ముందుకెళ్ళి, ఆ పళ్ళెం లాంటిదాన్ని మధ్యబల్ల మీద దించి తువాలు తీశారు. బోర్డు. దాని మీద పోయినేటి ఫైనల్, ఆగిపోయినచోట ఆగిపోయినట్టు, మాటకి మాట ఉంది. ఎర్రగడి వరసలో ఐ ఒంటరిగా ఉంది. పక్కన ఒక చెక్క మీద నా నాలుగు బిళ్ళలూ, ఇంకో చెక్క మీద సత్యమూర్తి బిళ్ళలూ ఉన్నాయి. పోటీ మర్నాడే ఆయన గుర్తు తెచ్చుకుని మొత్తం పేర్చారట. ఏడాదిపాటు బీరువా మీద తువాలు కింద ఉన్నది అదే.

"పోయినేడు ఈ ఆట నేను ఆపాను," అన్నారాయన, ఎప్పటిలాగే గొంతు పెంచకుండా. "ఆపే హక్కు నాకు లేదు. ఆడుతున్నది నేను కాదు. మా కోటేశ్వరరావు టర్న్ ఒకటి బాకీ ఉండిపోయింది. దాని మీద ఫిర్యాదు చెయ్యడానికి వచ్చాను."

ప్రెసిడెంటు గారు కంగారుపడ్డారు. "కప్పు మీద పేరు చెక్కించేశామండీ పురుషోత్తం గారూ. ఇప్పుడెలా కుదురుతుంది?"

"కప్పు మాకొద్దు. టర్న్ కావాలి."

"అవతల టైమైపోతోందండీ."

"మీ టైము తినేస్తున్నానని మీకు కోపం వస్తే ఈ ఏడు మమ్మల్ని పోటీలోంచి తీసెయ్యండి. వచ్చే ఏడూ పిలవకండి. ఈ టర్న్ అయ్యేదాకా మాత్రం ఇక్కడే కూర్చుంటాను," అని ఆయన కుర్చీ లాక్కుని బోర్డు పక్కన కూర్చున్నారు. ప్రతి ఫిర్యాదుకీ ఒక టర్న్ పోతుందని నాకు నేర్పిన మనిషి, అంతమంది ముందు తన మర్యాదనంతా ఆ బల్ల మీద పెట్టి కూర్చున్నారు.

వెనకవరసలోంచి సత్యమూర్తి లేచి వచ్చాడు. బోర్డుని చాలాసేపు చూశాడు. తన బిళ్ళల చెక్క చూసుకున్నాడు. ఎదురుకుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు ముక్కు మీదికి గట్టిగా నొక్కుకున్నాడు.

"ఈసారి ఇవి తియ్యను. వెయ్యండి," అన్నాడు.

నేను ఎఫ్ పెట్టాను, ఏ పెట్టాను, క్యూ పెట్టాను. ఐ దాటి ఆర్ పెట్టాను. సత్యమూర్తి బోర్డు మీదికి వంగి, "ఇది మన మాట కదండీ, ఇంగ్లీషు కాదు. ఛాలెంజ్," అన్నారు. ఈ ఒక్కచోట 'అన్నారు' అని రాశాను. నన్ను డ్రైవరనుకున్న మనిషి, జాలిపడి నాకు ఆట వదిలెయ్యకుండా, తన టర్న్ పణంగా పెట్టి నాతో పేచీకి దిగాడు. అంతకంటే పెద్ద మర్యాద నాకు ఆ హాల్లో ఎవరూ చెయ్యలేదు.

డిక్షనరీ తెచ్చారు. మాట ఉంది. ఎవరో చప్పట్లు కొట్టారు. సత్యమూర్తి చెయ్యి చాపితే పట్టుకున్నాను. వదిలేముందు అడిగాను, పోయినేడు గుమ్మంలో నాతో ఏమన్నారో గుర్తుందా అని. ఆయన నిజంగా ఆలోచించి, గుర్తులేదన్నాడు. నాకు గుర్తుందన్నాను. వెనకనుంచి పురుషోత్తం గారు నా చొక్కా పట్టుకుని లాగి, "ఇవాళ్టికి ఒకటి చాలు, పద," అన్నారు.

ఇప్పుడు ఫోన్లో ఈ ఆట ఆడుతుంటాను. ముఖం తెలియని వాళ్ళతో. క్యూ వస్తే నా కుప్ప నాకు ఉంది, ఇంతవరకూ ఎవరూ నన్ను దానితో ఇరికించలేదు. కానీ ఫోన్లో ఛాలెంజ్ లేదు. తప్పుమాట పెడితే అదే ఒప్పుకోదు. అనుమానపడటానికి ఖర్చు లేదు. అందుకే అందులో నాకు రుచి తెలియదు. బయట మాత్రం అర్జీ రాసేముందు ఆగి, దీనికోసం నా టర్న్ పోయినా ఫర్వాలేదా అని అడుగుతాను. చాలావాటికి ఫర్వాలేదనే అనిపిస్తుంది, రాస్తాను. కొన్నిటికి అనిపించదు. మిక్సీ సంగతి అలాంటిదే.

పని మానేశాక పురుషోత్తం గారు తాడేపల్లిలో కృష్ణ కరకట్టకు దగ్గరగా చిన్న ఇంట్లో ఉండేవారు. నేను ఆదివారాలు బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. వరండాలో అదే బోర్డు, అదే సంచి. కాయ వాసన లేని ఊళ్ళో ఆ సంచిని ముక్కు దగ్గర పెట్టుకుని గాలి పీల్చేవారు. "కడగొద్దు దీన్ని, ఎవరడిగినా," అనేవారు. చివరి ఆదివారం ఆట మధ్యలో ఉంది. టర్న్ ఆయనది. తన బిళ్ళలకేసి చాలాసేపు చూసి, "ఇవాళ బుర్ర పని చెయ్యట్లేదయ్యా. కదపకు. వచ్చే ఆదివారం వేస్తాను," అన్నారు. వాళ్ళావిడ తువాలు కప్పారు. ఆదివారం ఇంకా రాకముందే కబురు వచ్చింది.

పెద్దకర్మ అయ్యాక ఆవిడ, "ఇది మీరే తీసుకెళ్ళండి కోటేశ్వరరావు గారూ," అన్నారు. ఆటో మాట్లాడుకుని, బోర్డు ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో అంచులు పట్టుకుని కూర్చున్నాను. ఆయన బిళ్ళల చెక్క కూడా దాని మీదే ఉంది, ముఖాలు అవతలికి తిరిగి. "ఏంటన్నా, ప్రసాదమా?" అని అడిగాడు ఆటో అబ్బాయి. గుంతలు చూసి తోలమన్నాను.

నిన్న కింద పడింది ఆయన చెక్క మీది బిళ్ళ. కన్ను మంట తగ్గాక మా ఆవిడ పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగింది.

"ఏ అక్షరమో చూశారా?"

"లేదు."

"చూస్తే ఏమవుతుంది? ఎవరు అడుగుతారు?"

"అవతలివాళ్ళ బిళ్ళలు చూడకూడదు."

ఆవిడ కాసేపటికి లేచి వంటింట్లోకి వెళ్ళింది, గిన్నెలు జరుపుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత వెళ్ళి చూస్తే మిక్సీ గ్యాసు బండ పక్కన ఇరుకులో సర్దుకుని ఉంది. నేను హాల్లోకి వచ్చి, రంగుల చుక్కలు పడకుండా బోర్డు మీద తువాలుకి తోడు ఇంకో దుప్పటి కప్పాను. రంగులు వేసే మేస్త్రి నిచ్చెన దిగుతూ, ఇది అవతలగదిలోకి మార్చేద్దామా అని అడిగాడు. వద్దన్నాను. ఆట నడుస్తోంది, ఆయన టర్న్ అన్నాను.